ముసలితనమునకు భీమా

వేయి ఇండ్లున్న ఊరిలో ఏటికొక యిల్లు కాలుచున్నదనుకొందము. ఏ యిల్లు కాలునో ముందుగా ఎవరికిని తెలియదు. అందుచేత వేయిమందియు తలకొక రూపాయి వేసికొని, ఇల్లు కాలినవానికి ఆ వేయి రూపాయలును ఇచ్చివేయుదురు. భీమా అను వ్యవస్థ యంతయు ఈ చిన్న లెక్కమీద నిలిచియున్నది. కష్టము కొందరికే రావలెను. అది ఎవరికి వచ్చునో తెలియకుండవలెను. అది రాకముందే అందరును చందా చెల్లించియుండవలెను. ఈ మూడింటిలో ఏ యొకటి తప్పినను లెక్క చెడును.

ముసలితనము ఈ లెక్కకు లొంగునా యని నేడు నేను మీ ముందు విచారింపదలచితిని. బ్రదికియున్నవారికెల్ల ముసలితనము తప్పదు. కాని దానితో వచ్చు అవసరములు అందరికిని ఒకే తీరున రావు. ఆ యవసరములు రెండు. మొదటిది చికిత్స. కంటికి శుక్లము వచ్చును, తుంటియెముక విరుగును, గుండె బలహీనపడును. వైద్యుడు చూచును, మందిచ్చును, అవసరమైనచో శస్త్రము చేయును. ఫలితమేదైనను దానికొక అంతము కలదు. రెండవది పరిచర్య. స్నానము చేయించుట, బట్టలు కట్టుట, అన్నము కలిపి తినిపించుట, రాత్రివేళ లేవదీసి నడిపించుట మొదలైనవి ఇందులో చేరును. దీని యంతము ఎప్పుడో ఎవరును చెప్పజాలరు. ఒకరికిది మూడు నెలలు, మరియొకరికి పదునైదేండ్లు. కొందరు అదృష్టవంతులకు ఒక్క దినమైనను దీని యవసరము కలుగదు.

ఈ చరిత్రను పరిశీలించినకొలది నాకు స్పష్టమైన విషయమొకటి కలదు. ఒక దేశము తరువాత ఒక దేశము చికిత్సకు భీమా యేర్పరచినది. పరిచర్యయు అందులోనే ఇమిడియున్నదని ప్రజలు నమ్మిరి. అట్లు లేదని చాల యేండ్లకు, చాల మూల్యము చెల్లించిన మీదట గ్రహించిరి. భీమా నెన్నుకొనవలసిన మనకు ఈ కథ పనికివచ్చును.

కథకు ప్రారంభము జర్మనీ దేశము. అక్కడ బిస్మార్కు ప్రధానిగా నుండగా 1883 జూన్ 15వ తేదీన కార్మికుల రోగభీమా చట్టము వెలువడెను. సామ్యవాదుల పలుకుబడిని తగ్గించుట ఆయన యుద్దేశములలో ఒకటి. ఉద్దేశ మేదైనను, దేశ మంతటికిని నిర్బంధముగా వర్తించిన రోగభీమాలలో అదియే మొదటిది. చందాలో రెండు వంతులు కార్మికుడును, ఒక వంతు యజమానియు చెల్లించవలెను. రోగమువచ్చిన కార్మికునకు వైద్యమును మందులును ఉచితము. మూడవ దినమునుండి 13 వారములవరకు కూలిలో సగము లభించును. ఈ 13 వారముల గడువును గమనింపుడు. రోగమనగా వచ్చి పోవునది, మనుష్యుడు కోలుకొని మరల పనికి పోవునది, అను భావము ఆ గడువులోనే యున్నది. 1889లో అదే ప్రభుత్వము వార్ధక్యమునకును అంగవైకల్యమునకును పింఛను చట్టము చేసెను. అప్పుడు నిర్ణయించిన వయస్సు 70 ఏండ్లు. 1916లో దానిని 65కు తగ్గించిరి. పింఛను అన్నవస్త్రములకు, రోగభీమా వైద్యునకు. మంచము పట్టినవాని ప్రక్కన కూర్చుండువారి మాట ఏ చట్టమునందును లేదు. ఆ పని ఇంటి యాడువారిదని అందరును అనుకొనిరి. కనుక అది ఒక పనిగా లెక్కకు రాలేదు.

దానిని లెక్కకు తెచ్చినది ఒక అమెరికా వైద్యుడు. ఆయన పేరు సిడ్నీ కాట్జ్. క్లీవ్‌లండ్ నగరములో తుంటియెముక విరిగిన వృద్ధులను ఆయనయు ఆయన సహచరులును ఏండ్లతరబడి పరిశీలించి, 1963లో ఒక కొలమానమును ప్రకటించిరి. అందులో పనులు ఆరు: స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయివచ్చుట, మంచము దిగి కుర్చీలోనికి మారుట, మలమూత్రములను ఆపుకొనుట, తనంత తాను తినుట. కోలుకొనుచున్న వృద్ధులు ఈ పనులను తిరిగి నేర్చుకొను క్రమము, శిశువు పెరుగుచు వానిని నేర్చుకొను క్రమమును పోలియుండుట వారు గమనించిరి. రోగము పేరుతో నిమిత్తము లేకుండ, మనుష్యునకు ఎంత సాయము కావలెనో చెప్పు కొలత ఇట్లు దొరకినది. నేటికిని అమెరికాలోని పరిచర్యభీమా పాలిసీలు ఈ ఆరింటిమీదనే ఆధారపడియున్నవి. 1996 నాటి చట్టము ప్రకారము, వీనిలో కనీసము రెండింటిని మరియొకరి సాయము లేక చేసికొనలేనివాడు, ఆ స్థితి 90 దినములైన ఉండునని తేలినచో, సొమ్ము పొంద నర్హుడు. మతి చెడినవారికిని ఈ హక్కు కలదు.

ఇక అమెరికాలో వృద్ధుల వైద్యమునకై ప్రభుత్వమే భీమా నెలకొల్పినది 1965లో. ఆ సంవత్సరము జులై 30వ తేదీన అధ్యక్షుడు జాన్సన్, మాజీ అధ్యక్షుడు ట్రూమన్ స్వస్థలమైన ఇండిపెండెన్సు పట్టణమునకు పోయి, ట్రూమన్ ప్రక్కన కూర్చుండి మెడికేర్ చట్టముపై సంతకము చేసెను. మొదటి కార్డు ట్రూమన్‌కే దక్కినది. 65 ఏండ్లు నిండినవారికి ఆసుపత్రి ఖర్చుల భయము చాలవరకు తీరెను. ఆసుపత్రిలో కనీసము మూడు దినములున్న పిమ్మట, నిపుణులైన నర్సుల పర్యవేక్షణ అవసరమైనవారికి 100 దినములవరకు సంరక్షణాలయములో ఉండు సదుపాయమును ఆ చట్టములో చేర్చిరి. అందులో మొదటి 20 దినములకే ఖర్చంతయు ముట్టును. పిమ్మట రోగియు కొంత భరింపవలెను. స్నానము, భోజనము వంటి సామాన్య పరిచర్యకు మాత్రమే అయినచో ఒక్క దినమునకును మెడికేర్ ఇయ్యదు. 13 వారములు 100 దినములైనవి, అంతే భేదము.

మరి తక్కినవారి గతి యేమి? అదే 1965 చట్టములో దరిద్రుల వైద్యమునకై మెడికెయిడ్ అను రెండవ యేర్పాటు కలదు. అది సంరక్షణాలయపు ఖర్చు నిచ్చును; కాని చేతనున్న సొమ్ము కరగిపోయి, దరిద్రుడని నిరూపించుకొన్న తరువాతనే ఇచ్చును. జీవితమంతయు కష్టపడి కూడబెట్టినవాడు ఆ కూడబెట్టినదానిని పోగొట్టుకొనుటయే సాయము పొందుటకు మార్గమైనది.

ఈ లోపమెంత లోతైనదో 1988లో బయటపడినది. ఆ యేడు మెడికేర్‌కు ఒక పెద్ద సవరణ చేసిరి. దీర్ఘకాలము ఆసుపత్రిలో నుండవలసివచ్చినను, మందుల ఖర్చు మితిమీరినను రక్షణ లభించును. అందులకై వృద్ధులలో కలవారు అదనపు పన్ను చెల్లింపవలెను. వృద్ధులు సంతోషింతురని శాసనకర్తలు తలచిరి. కాని 1989 ఆగస్టులో, షికాగో నగరమున, ప్రతినిధిసభలో పన్నుల సంఘమునకు అధ్యక్షుడైన రోస్టెన్‌కౌస్కీ కారును వృద్ధులు చుట్టుముట్టి నిలదీసిరి. వారి కోపమునకు కారణములు పెక్కు. చాలమందికి ఆ రక్షణ పాత యజమానుల మూలమున అప్పటికే కలదు. అంతకంటె ముఖ్యముగా, వారు నిజముగా భయపడుచున్నది సంరక్షణాలయపు ఖర్చునకు. దానిని గూర్చి ఆ చట్టము దాదాపు ఏమియు చేయలేదు. ఆ సంవత్సరాంతముననే చట్టము రద్దయ్యెను.

ప్రభుత్వము చేయని పనిని కంపెనీలు చేయబూనెను. పరిచర్యభీమా పాలిసీలు 1980 తరువాత విరివిగా అమ్ముడుపోయినవి. ఇక్కడనే మొదట నేను చెప్పిన లెక్క చెడినది. పాలిసీదారులలో కొందరు నడుమనే మానివేయుదురనియు, వారి సొమ్ము మిగిలినవారికి ఉపకరించుననియు కంపెనీలు లెక్క వేసెను. అనుకొన్నదానికంటె చాల కొద్దిమందియే మానిరి. ముసలితనమును గూర్చి భయమున్నవారే ఆ పాలిసీ కొన్నవారు, వారెట్లు మానుదురు? వడ్డీ రేట్లు పడిపోవుటచే మూలధనము పెరుగలేదు. మతిచెడు వ్యాధులతో ఏండ్లతరబడి బ్రదుకువారి సంఖ్య పెరిగినది. ఫలితముగా కంపెనీలు ప్రీమియమును ఒకసారి కాదు, పలుమారులు పెంచెను. చాల కంపెనీలు క్రొత్త పాలిసీల నమ్మకమే మానుకొన్నవి. 60వ యేట సులభమనిపించిన ప్రీమియము 80వ యేట భరింపరానిదైనది. ఇరువదియేండ్లు చెల్లించి, అవసరము సమీపించిన వేళ పాలిసీ వదలుకొన్నవారి దుఃఖమును ఏ లెక్కలో వేయుదుము?

2010లో ఆ దేశము మరియొక ప్రయత్నము చేసెను. ఇష్టమైనవారు చేరవచ్చునని ప్రభుత్వము తరఫున ఒక పరిచర్యభీమాను శాసించిరి. ఇష్టము వచ్చినవారే చేరినచో అవసరమున్నవారే చేరుదురు. అట్టి భీమా తన కాళ్లమీద తాను నిలువజాలదు. ఈ సంగతిని 2011లో ప్రభుత్వమే ఒప్పుకొన్నది. ఒక్కరైనను చేరకముందే, 2013 జనవరిలో ఆ శాసనము రద్దయ్యెను.

ఇంతలో జర్మనీ తన పాత లోపమును సవరించుకొన్నది. సంరక్షణాలయములలో చేరిన వృద్ధులు పింఛను చాలక, మునిసిపాలిటీలు ఇచ్చు దరిద్రసహాయముపై పడుచుండిరి. జీవితమంతయు చందా కట్టినవాడు చివరకు భిక్షుకుడగుట న్యాయమా యని రెండు దశాబ్దములు చర్చ జరిగెను. కార్మికశాఖ మంత్రి నోర్బర్ట్ బ్లూమ్ పట్టుదలచే 1994లో చట్టమై, 1995 జనవరి 1వ తేదీనుండి పరిచర్యభీమా అమలులోనికి వచ్చెను. ఇది నిర్బంధము, యువకులును చెల్లింపవలెను. తమ వంతు భారమునకు మారుగా ఏదైన కావలెనని యజమానులు పట్టుబట్టగా, నవంబరులో వచ్చు ఒక ప్రార్థనాదినపు సెలవును రద్దుచేసిరి. సాక్సనీ రాష్ట్రము మాత్రము సెలవు నుంచుకొన్నది. అందులకు బదులుగా అక్కడి కార్మికులే ఎక్కువ చందా చెల్లింతురు. ఒక దేశము తన పండుగదినమును ముసలివారికై వదలుకొనుట సామాన్యము కాదు. ఈ భీమా ఖర్చంతయు ఇయ్యదు, కొంత భాగమే ఇచ్చును. ఇంటివారే సేవ చేసినచో వారికి కొంత సొమ్మిచ్చును. అట్లు సేవచేయువారి పింఛను ఖాతాకును చందా జమకట్టును. 1889లో ఎవరికిని కనబడని ఆ స్త్రీ, నూరేండ్ల తరువాత చట్టమునకు కనబడినది.

జపానుది వేరు దారి. 1973లో ఆ దేశము 70 ఏండ్లు దాటినవారికి వైద్యము ఉచితమని ప్రకటించెను. ఫలితమేమి? ఇంట చూచువారు లేని వృద్ధులు ఆసుపత్రులలో నెలలతరబడి, ఏండ్లతరబడి పడియుండిరి. వారికి కావలసినది పరిచర్య, దొరకినది చికిత్స. పరిచర్యకు భీమా లేనిచోట చికిత్సాభీమాయే ఆ భారమును మోయవలసివచ్చినది. పది యేండ్లకే ఉచితపద్ధతిని మానవలసివచ్చెను. తుదకు 1997లో చట్టము చేసి, 2000 ఏప్రిలు 1వ తేదీన పరిచర్యభీమాను ప్రారంభించిరి. 40 ఏండ్లు నిండినవారెల్లరు చందా చెల్లింతురు. ఖర్చులో సగము చందాలనుండి, సగము పన్నులనుండి వచ్చును. జర్మనీవలె ఇంటివారికి సొమ్మియ్యవలెనా యని అక్కడను వాదము జరిగినది. సొమ్మిచ్చినచో కోడండ్రు మంచముప్రక్కనే కట్టుబడిపోవుదురని స్త్రీల సంఘములు అభ్యంతరము చెప్పెను. కనుక అక్కడ సొమ్ము కాక సేవయే ఇత్తురు. దీని భారమును గూర్చియు చెప్పవలెను. 65 ఏండ్లు దాటినవారి నెలసరి చందా మొదట సగటున 2,911 యెన్‌లు. 2024లో 6,225 యెన్‌లు. నిర్బంధభీమా లెక్క చెడదు. కాని అది చౌకయు కాదు.

ఇక మన సంగతి. భీమా మనకు క్రొత్త కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణములో 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించి, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. ఆనాటి భీమా జీవితభీమా. ఆనాటి భయము అకాలమరణము. సంపాదించువాడు నడివయస్సులో పోయినచో ఆలుబిడ్డల గతి యేమను చింతయే ఆ కంపెనీలకు ప్రాణము. 1956లో కేంద్రప్రభుత్వము జీవితభీమా సంస్థల నన్నింటిని జాతీయము చేసి ఒకే సంస్థగా కూర్చెను. 1973లో తక్కిన భీమావ్యాపారమును అట్లే చేసెను. ఆ ప్రభుత్వ కంపెనీలు నాలుగును కలిసి 1986లో మెడిక్లెయిమ్ అను పాలిసీని ప్రవేశపెట్టినవి. దాని నియమము 24 గంటలైనను ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్సకు ఖర్చిచ్చుట. 2007 ఏప్రిలు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలై బీదలకు పెద్ద శస్త్రచికిత్సలను అందుబాటులోనికి తెచ్చెను. 2024 ఏప్రిలునుండి, 65 ఏండ్లు దాటినవారికి క్రొత్త పాలిసీ నిరాకరించుటకు ఆధారమైన వయోపరిమితిని నియంత్రణ సంస్థ తొలగించెను. అదే సంవత్సరము అక్టోబరు 29వ తేదీన 70 ఏండ్లు నిండినవారికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు వైద్యమిచ్చు ఆయుష్మాన్ పథకము ప్రారంభమైనది.

ఇవన్నియు మేలైన పనులే. కాని అన్నియు చికిత్సకే. 2019లో నియంత్రణ సంస్థ ఆరోగ్యపాలిసీలలో మినహాయింపుల వాక్యములను ఒకే తీరున ఉండునట్లు నిర్ణయించెను. అందులో ఒకదాని తాత్పర్యమేమన, ఇంటనైనను బయటనైనను స్నానము, వస్త్రధారణ, కదలిక మొదలగువానికి ఇతరులు చేయు సాయమునకు అగు ఖర్చు భీమాలోనికి రాదని. కాట్జ్ వైద్యుడు లెక్కించిన ఆ పనులే ఇక్కడ పేరుపేరున మినహాయింపులో కనబడుచున్నవి. జర్మనీలో ఏ వాక్యము తలుపు తెరచుచున్నదో, మన పాలిసీలో ఆ వాక్యమే తలుపు మూయుచున్నది. ఇక 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము ఈ బాధ్యతను సంతానముమీదనే పెట్టినది. సంతానము దూరదేశముననున్నచో, లేక వారే అరువదియేండ్లు దాటినవారైనచో, ఆ బాధ్యత నెట్లు నెరవేర్తురను ప్రశ్న మిగిలియేయున్నది.

కావున భీమా నెన్నుకొనువారు రెండు ప్రశ్నలను వేరువేరుగా వేసికొనవలెనని నా మనవి. చికిత్సకు ఏమి యేర్పాటు? పరిచర్యకు ఏమి యేర్పాటు? మొదటిదానికి పాలిసీ కలదు. దానిని తీసికొనుటకు మంచి కాలము ఆరోగ్యముగా నున్న కాలము. పూర్వమునుండి యున్న రోగమునకు కంపెనీ విధింపగల నిరీక్షణకాలము 2024నుండి గరిష్ఠముగా మూడేండ్లు. 60వ యేట తీసికొన్నవానికి అది 63తో తీరును, 75వ యేట తీసికొన్నవానికి 78 వరకు కాచుకొనవలెను. ఉన్న రోగమును దాచరాదు. అయిదేండ్లు ఎడతెగక చెల్లించిన పాలిసీని, మోసము రుజువైనగాని, దాపరికము మిషతో త్రోసిపుచ్చరాదని నియమము కలదు. కాని మోసమునకు ఏ గడువును రక్షణ కాదు. ప్రతి బిల్లులో మనము ఎన్నవ వంతు భరింపవలెనో, గది అద్దెకు హద్దు ఎంతయో ముందే చదువవలెను. వృద్ధుల పాలిసీలలో ఈ రెండు షరతులే ఎక్కువగా బాధించునవి.

రెండవదానికి మన దేశములో పాలిసీ దాదాపు లేదనియే తెలిసికొని, దానికై వేరుగా సొమ్ము నిలువచేయవలెను. చికిత్సాపాలిసీ యున్నది గదా యని ఆ సొమ్మును వాడుకొనరాదు. అమెరికాలోని మనవారికిని ఈ మాట వర్తించును. మెడికేర్ పుట్టిన 1965లోనే ఆ దేశపు వలసచట్టము మారి, మన వైద్యులకును ఇంజనీరులకును దారి తెరచినది. ఆ తొలితరమువారు ఇప్పుడు వృద్ధులు. పదియేండ్లు పనిచేసి పన్ను చెల్లించినవారికి ఆసుపత్రి భీమా ప్రీమియము లేకయే వచ్చును, పరిచర్య రాదు. దానికై పాలిసీ కొనదలచినవారు నేటి ప్రీమియమును మాత్రమే చూచిన చాలదు. అది పెరిగినను 80వ యేట చెల్లింపగలమా యని చూడవలెను.

అన్నింటికంటె ముందు కుటుంబములో ఒక మాట జరుగవలెను. మంచము పట్టిన నాడు ఎవరు చూతురు, ఆ చూచువారి కష్టమునకు ప్రతిఫలమేమి, వారికి విశ్రాంతి యెప్పుడు అను విషయములను పెద్దలు మాటలాడగల స్థితిలో నుండగనే తేల్చుకొనుట మంచిది. జర్మనీకి ఈ మాటను చట్టముగా వ్రాసికొనుటకు నూరేండ్లకు పైగా పట్టినది. మన ఇండ్లలో అది ఒక సాయంకాలము పని.